ఫలకంతో సరిపోలని ముఖం

పెదకాల్వపాలెం మునిసిపల్ ఆఫీసులో జననాలకీ మరణాలకీ కలిపి ఒకటే కిటికీ. కొత్తగా తండ్రయినవాడు ముప్ఫైరెండు పళ్ళూ బయటపెట్టుకుని నిలబడితే, వాడి వెనకే తండ్రిని పోగొట్టుకున్నవాడు మాసిన గడ్డంతో నిలబడతాడు. ఇద్దరిదీ ఒకే క్యూ. రెండో కిటికీ పెట్టించమని పైవాళ్ళకి ఎప్పుడో రాస్తే, గోడ ఒకటే ఉంది కనక కిటికీ కూడా ఒకటి చాలునని జవాబు వచ్చింది.

ఆ కిటికీ వెనక కూర్చునే సీనియర్ అసిస్టెంటు పేరు బొప్పన హైమావతి. ఆవిడ ముఖం సంగతి ముందే చెప్పుకోవాలి, తర్వాత జరిగిన గొడవంతా ఆ ముఖం తెచ్చిపెట్టిందే. గుండ్రటి ముఖం, ఎడమ బుగ్గ మీద సొట్ట, ముక్కు మీదకి జారిపోయే కళ్ళద్దాలు. అందగత్తె అని ఎవరూ అనలేదు, ఆవిడా అనుకోలేదు. కాని కిటికీ అవతల ఎవరు నిలబడితే వాళ్ళని బట్టి ఆ ముఖం మారిపోయేది. కావాలని చేసేది కాదు. ఎదుటివాడు చింతకాయ కొరుకుతుంటే మన నోట్లో నీళ్ళూరతాయే, అదీ అలాంటిదే. కవలలు పుట్టినవాడిని చూస్తే ఆవిడ కళ్ళు విప్పారేవి. భర్తని పోగొట్టుకున్న మనిషి వచ్చి నిలబడితే ఆవిడ కలం పక్కన పెట్టి, ముందు కాస్త ఊరుకునేది. సర్టిఫికెట్ నెల రోజులు ఆలస్యమైనా, అందులో పేరు తప్పు పడినా, జనం ఆవిడని మాత్రం తిట్టేవాళ్ళు కాదు. తిట్లన్నీ ఆఫీసుకే చెందేవి.

కమిషనర్ చక్రధర్ గారు చెడ్డవాడేం కాదు. కాకపోతే సదస్సుకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఊరికి ఏదో ఒకటి పట్టుకొస్తారు. నడక మీద సదస్సుకి వెళ్ళొచ్చి జనం కూర్చునే బెంచీలు తీయించేశారు. రంగుల మీద సదస్సుకి వెళ్ళొచ్చి మురిక్కాలవ గట్లకి లేత గులాబీ రంగు వేయించారు. ఈసారి సదస్సు ఎమోజీల మీద జరిగింది. ఫోన్లో కనిపించే ఆ పసుపుపచ్చ గుండ్రటి బొమ్మని చూసినా, నిజమైన మనిషి ముఖాన్ని చూసినా మన మెదడు ఇంచుమించు ఒకేలా స్పందిస్తుందని అక్కడొక విద్వాంసుడు చెప్పాడట. పైగా బొమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో చప్పున తెలిసిపోతుందనీ, మనుషుల ముఖాల దగ్గరే తర్జనభర్జన పడాల్సి వస్తుందనీ కూడా అన్నాడట. "అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది" అని ఆయన మొదలుపెట్టేసరికి, హాలు తలుపులు తెరుచుకుని గుత్తివంకాయ కూర వాసన వచ్చింది. తేడా హాల్లోనే ఉండిపోయింది. కమిషనర్ గారు భోజనాల దగ్గర తేలారు.

సోమవారం నాడు సిబ్బందినంతా సమావేశపరిచారు.

"పౌరసేవల ప్రదానంలో ముఖం అనేది ఇప్పటివరకూ ఒక క్రమబద్ధీకరణ లేని సాధనంగా ఉంటూ వచ్చింది" అన్నారు కమిషనర్ గారు. "మన కార్యాలయంలో ఒక్కో ఉద్యోగికి ఒక్కో ముఖం ఉంది. ఇది సమానత్వ సూత్రానికి విరుద్ధం. ఒక పౌరుడికి ఒక రకం నవ్వు, మరో పౌరుడికి మరో రకం నవ్వు అందుతున్నాయి. ఇకనుంచి అందరికీ ఒకే నవ్వు, ఒకే విచారం."

అందరికీ తలా ఒక సంచీ పంచారు. అందులో పిడి ఉన్న గుండ్రటి పసుపు అట్టలు. ఒకదాని మీద నవ్వు, ఒకదాని మీద విచారం, ఒకదాని మీద ఆశ్చర్యం. ఇంకొకదాని మీద నోటికి బదులు అడ్డగీత ఉంది, అది తటస్థమట. వీటికి ఉత్తర్వుల్లో పెట్టిన పేరు 'హావభావ ఫలకాలు'. సాయంత్రానికల్లా ఆఫీసులో అందరూ వాటిని అప్పడాలనడం మొదలుపెట్టారు. కోపం అప్పడం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది కమిషనర్ గారి బీరువాలో ఉంటుంది, కావలసినవాళ్ళు లిఖితపూర్వకంగా అనుమతి తీసుకుని వాడుకోవాలి.

"అనుమతి వచ్చేలోగా కోపం తగ్గిపోతే ఎలా సార్?" అని శానిటరీ ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"తగ్గినట్టు ధ్రువీకరించి ఫలకం వాపసు చెయ్యాలి."

వెనక వరసలోంచి ఎవరో లేచారు. "మనం తల అటూ ఇటూ ఊపుతాం గదండీ. అవుననీ కాదు, కాదనీ కాదు, చూద్దాంలే అని. దానికి ఫలకం లేదేం సార్?"

"ఆ భావం మన పరిపాలనా విధానంలోనే అంతర్లీనంగా ఉంది. దానికి విడిగా ఫలకం అక్కర్లేదు" అన్నారు కమిషనర్ గారు.

హైమావతి చెయ్యెత్తింది. "మరి మా సొంత ముఖాలు ఏం చెయ్యాలండీ?"

"సొంత ముఖాన్ని కార్యాలయ వేళల్లో విరామ స్థితిలో ఉంచాలి. ఫలకం చెప్పేదానికి విరుద్ధంగా ముఖం ఏమీ చెప్పకూడదు. ఈ సరిపోలికని దత్తాత్రేయులు గారు పరిశీలిస్తారు."

దత్తాత్రేయులు రెవెన్యూ విభాగంలో ఖాళీగా ఉన్న అధికారి. ఆ రోజు నుంచి ఆయన ముఖ పరిశీలకుడయ్యారు. ఒక స్టూలు వేయించుకుని, వరసగా ఒక్కో కిటికీ పక్కన కూర్చుని, అట్ట వైపు ఒకసారి, ఉద్యోగి వైపు ఒకసారి చూస్తూ ఉండేవారు. రెండూ కలవకపోతే దాన్ని 'ముఖ విభేదం' అంటారు. మూడు ముఖ విభేదాలు పడితే కంపోస్టు యార్డుకి బదిలీ. అక్కడ చెత్త లారీలు తప్ప జనం ఎవరూ రారు కనక, ముఖం ఎలా ఉన్నా పాలనకి భంగం ఉండదని ఉత్తర్వుల్లో వివరంగా రాశారు.

హైమావతి గుండెల్లో రాయి పడింది. యార్డు దూరమనీ కాదు, కంపు కొడుతుందనీ కాదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆవిడ ఆ కిటికీ దగ్గరే ఉంది. ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో అందరికంటే ముందు ఆవిడకి తెలిసేది. కూరగాయల బజారుకి వెళితే, తను పేరు రాసుకున్న పిల్లలు పెద్దవాళ్ళయి వంకాయలు తూచి ఇస్తుంటారు. ఆ కిటికీ పోతే తనకి ఈ ఊళ్ళో ఇంకేం మిగులుతుందనిపించి భయం వేసింది.

అందుకని మనస్ఫూర్తిగానే ప్రయత్నించింది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ముఖాన్ని విరామ స్థితిలో పెట్టడం సాధన చేసింది. అది చూసి వాళ్ళమ్మ అచ్చమాంబ గారు వంటింట్లోంచి లవంగం పట్టుకొచ్చారు.

"పంటి నొప్పా ఏమిటే? ఇది బుగ్గన పెట్టుకో."

"నొప్పి కాదమ్మా. ముఖంలో ఏమీ లేకుండా ఉండాలి."

"ముఖం ఉన్నాక ఏమీ లేకుండా ఎలా ఉంటుందే?" అని ఆవిడ లవంగం కూతురి చేతిలో పెట్టి, "మీ కమిషనర్ ఎలా పెడతాడో కనుక్కో" అన్నారు.

ఆఫీసులో చిక్కులు గేటు దగ్గరే మొదలయ్యాయి. కిటికీ దగ్గరికి వచ్చేవాడు నోరు విప్పకముందే తగిన ఫలకం ఎత్తి పట్టుకోవాలని నిబంధన. వచ్చినవాడి ముఖం చూసి కనుక్కుందామంటే, ముఖాలు నమ్మదగ్గవి కావని ఉత్తర్వుల్లోనే ఉంది. అందుకని కాపలాదారు ఎర్రయ్య చేతికి చీటీల కట్ట ఇచ్చి, లోపలికి వచ్చే ప్రతివాడినీ "పుట్టారా, పోయారా?" అని అడిగి, నవ్వు చీటీయో ఏడుపు చీటీయో ఇవ్వమన్నారు. ఇంటి పన్ను కట్టడానికొచ్చిన ఒక పెద్దమనిషి "ఇంకా పోలేదు నాయనా, నడుస్తోంది" అని చెప్పి లోపలికి వెళ్ళాడు.

కొడుకు పేరు సరిచేయించుకోవడానికి కాళ్ళరిగేలా తిరుగుతున్న ఒకాయన వచ్చాడు. పేరు తప్పు పడినప్పుడు పొత్తిళ్ళలో ఉన్న పిల్లవాడు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. జననం కేసు కాబట్టి ఎర్రయ్య ఆయనకి నవ్వు చీటీ ఇచ్చాడు. ఆయన మాడిన ముఖంతో కిటికీలోకి చీటీ విసిరి, "చివరికి ఈ కాయితం గూడా నన్ను చూసి ఇకిలిస్తా ఉందండీ" అన్నాడు. హైమావతి నిబంధన ప్రకారం నవ్వు అప్పడం ఎత్తి పట్టుకుంది. కాని ముఖం విరామ స్థితిలో నిలవలేదు. ఆఫీసు తరఫున సిగ్గుపడింది.

దత్తాత్రేయులు గారు రాసుకున్నారు. మొదటి విభేదం.

రెండోది ఇంకా అన్యాయంగా వచ్చింది. విచారం అప్పడం పట్టుకుని, ముఖం బిగబట్టుకుని కూర్చున్నా, ఎడమ బుగ్గ మీద సొట్ట కనిపించిందని మెమో ఇచ్చారు. విచార సమయంలో బుగ్గ సొట్ట ప్రదర్శించడానికి గల కారణం ఏమిటో రాతపూర్వకంగా తెలపమన్నారు. పుట్టుకతో వచ్చిందనీ, తన తల్లి శ్రీమతి అచ్చమాంబ గారి నుంచి సంక్రమించిందనీ హైమావతి జవాబు రాసింది. జనన ధ్రువపత్రంలో సొట్ట ప్రస్తావన లేదు కనక వాదన చెల్లదని తిరుగు టపాలో వచ్చింది. ఆ జనన ధ్రువపత్రాలు ఇచ్చేది తనే కావడంతో ఆవిడకి ఎవరిని అనాలో తెలియలేదు.

ఇంకొక్కటి పడితే యార్డే. హైమావతి జనం ముఖం చూడటమే మానేసింది. తల వంచుకుని, చీటీ అందుకుని, అప్పడం ఎత్తి, కలం కదిలించేది. ఇంటికి వెళ్ళాక ఆ రోజు ఎవరు వచ్చారో గుర్తుచేసుకుందామంటే చీటీలే గుర్తొచ్చేవి. అన్నం సయించేది కాదు. దత్తాత్రేయులు గారు మాత్రం ఎంతో సంతోషించి, 'గణనీయమైన పురోగతి' అని రాసుకున్నారు.

అలాంటి రోజుల్లో నూర్‌బాషా మస్తాన్ వచ్చాడు. బజారులో బట్టలు కుట్టే మనిషి. ఎర్రయ్య "పుట్టారా, పోయారా?" అని అడిగితే "రెండూనన్నా" అన్నాడట. రెండు చీటీలు ఇవ్వడానికి నిబంధన లేదు. ఎర్రయ్య బుర్ర గోక్కుని, దగ్గరలో ఉన్న నవ్వు చీటీ ఇచ్చి పంపేశాడు.

మస్తాన్ రెండు దరఖాస్తులు కిటికీలోకి జరిపాడు. "మేడం గారూ, రెంటిలోనూ ఒకటే పేరుంటది. పొరపాటు రాశాననుకునేరు. నాయన శుక్రవారం పోయాడు. పిల్లోడు ఆదివారం పుట్టాడు. ఆయన పేరే పెట్టుకున్నాం, మీరావలి."

హైమావతి నవ్వు అప్పడం అప్పటికే ఎత్తి పట్టుకుని ఉంది. మీరావలి పేరు వినగానే తల ఎత్తింది. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కిటికీ దగ్గర ఏం చెయ్యాలో తెలియక బిక్కచచ్చి కూర్చున్నప్పుడు, భుజాన టేపు వేసుకునే పరుగెత్తుకొచ్చి, "కొడుకు పుట్టాడమ్మాయ్, మస్తాన్ అని రాసుకో" అని ఆఫీసంతటికీ మిఠాయి పంచిన మనిషి మీరావలి. ఆ మస్తానే ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మిఠాయి పొట్లం నాకు రెండుసార్లు ఇచ్చాడయ్యా మీ నాయన" అంది. "ఇచ్చిన సంగతి మర్చిపోయి."

"ఆయన మతిమరుపు తెలిసిందే గదండీ. పిల్లోడికి గూడా వచ్చుద్దేమో ఆ పేరుతో." మస్తాన్ నవ్వబోయాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

హైమావతి కళ్ళు నిండిపోయాయి. పెదవులు నవ్వుతూనే ఉన్నాయి. సొట్ట నిండా పడింది, కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు ఆ సొట్టలోకే జారాయి. చేతిలో అప్పడం ఉందన్న ధ్యాసే లేదు. పక్కన స్టూలు మీద దత్తాత్రేయులు గారు లేచి నిలబడి మరీ రాసుకున్నారు.

మూడో మెమో ఇలా ఉంది: 'సదరు ఉద్యోగిని ముఖం ఏకకాలంలో నవ్వుతూ ఏడ్చినట్లు గమనించడమైనది. ఒకే ముఖం మీద రెండు భావాలను ముందస్తు అనుమతి లేకుండా ప్రదర్శించినందుకు ఆమెను కంపోస్టు యార్డుకు ఎందుకు బదిలీ చేయరాదో తెలుపవలెను.'

విచారణ గురువారం నాడు కమిషనర్ గారి గదిలో జరిగింది. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి, నవ్వు అప్పడాన్ని సాక్ష్యంగా పెట్టారు. హైమావతి ఒక పక్కన కూర్చుంది. టిఫిన్ డబ్బా, కుర్చీ మీద దిండు, గోడ మీది క్యాలెండరు అన్నీ ముందు రోజే సంచీలో సర్దేసుకుంది. ఇక ఆశేం పెట్టుకోలేదు. సాక్షిగా మస్తాన్‌ని పిలిపించారు. పాపం, బాలింత దగ్గర ఉండాల్సినవాడు పని మానుకుని వచ్చాడు.

"ఘటన సమయంలో ఫలకం ఏ భావాన్ని వ్యక్తం చేస్తోంది?" అని దత్తాత్రేయులు గారు అడిగారు.

"ఏ ఫలకమండీ?"

దత్తాత్రేయులు గారు ఎర్రగుడ్డ మీద నుంచి అప్పడం తీసి ఎత్తి చూపించారు. మస్తాన్ దాన్ని తేరిపార చూశాడు.

"ఓహో, ఇదా! ఇసనకర్ర అనుకున్నానండీ. ఆడ ఫ్యాను తిరగట్లా గదా, ఇసురుకుంటా ఉన్నారేమో అనుకున్నా. దీని మీద బొమ్మ గూడా ఉందా?"

కమిషనర్ గారు ముందుకు వంగారు. "ఇంత పెద్ద బొమ్మ నీ కళ్ళ ముందు పెడితే నీకు కనబడలేదా? మరి నువ్వు దేన్ని చూస్తున్నావు?"

"మేడం గారి మొహం చూస్తా ఉన్నానండీ."

"సరే, ముఖమే చూశావు. అది నవ్విందా, ఏడ్చిందా? రెంటిలో ఏదో ఒకటి స్పష్టంగా చెప్పు."

మస్తాన్ ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "రెండూ గదండీ. మా ఇంట్లో గూడా అంతేనండీ ఈ వారం రోజుల్నించీ. నాయన కోసం ఏడుస్తాం, పిల్లోడు ఆవలిస్తే నవ్వుతాం. ఎవరికన్నా చెబితే నవ్వాలో ఏడవాలో తెలీక మొహం తిప్పేసుకుంటన్నారు. మేడం గారొక్కరే..." అని ఆగిపోయి, "ఆవిడకి నా వల్ల ఏమన్నా మాట వచ్చుద్దంటే నేను రెండు దరఖాస్తులూ ఎనక్కి తీసుకుంటానండీ" అన్నాడు.

హైమావతి కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ తన ముఖాన్ని తనే దాచుకుని తిరిగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ క్షణంలో కోపం అప్పడం ఎవరైనా ఇచ్చినా తీసుకునేది కాదు, ఆ కోపాన్ని సొంత ముఖం మీదే చూపించేది.

కమిషనర్ గారు చాలాసేపు కిటికీలోంచి గులాబీ రంగు మురిక్కాలవ వైపు చూశారు. ఆయనకి ఆ రోజు సదస్సులో విద్వాంసుడు చెయ్యెత్తి 'అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది' అనడం గుర్తొచ్చింది. ఆ తర్వాత గుత్తివంకాయ కూర గుర్తొచ్చింది. ఆ తేడా ఏమిటో ఆయనకి అప్పుడు కొంచెం తట్టిందనే చెప్పాలి. కాని తట్టినంత మాత్రాన పథకం రద్దవుతుందా? శాసనసభ్యుల వారు రిబ్బను కత్తిరించారు, గోడకి శిలాఫలకం వేశారు, పేపర్లో ఫొటో పడింది. రద్దు చెయ్యడానికి నిబంధన లేదు. మెరుగుపరచడానికి ఉంది.

ఉపసంఘం వేశారు. ఉపసంఘం మూడుసార్లు కూర్చుని, టీ తాగి, ఒక నిర్ధారణకి వచ్చింది. లోపం ఉద్యోగినిది కాదు, పౌరుడిదీ కాదు, సాంకేతికమైనది. మొదటి విడత ఫలకం అపారదర్శకంగా ఉండటం వల్ల దాని వెనక ఉన్న భావం పౌరుడికి చేరడంలో జాప్యం జరుగుతోంది. కాబట్టి రెండో విడత ఫలకంలో, మధ్యభాగాన, ముఖం పరిమాణంలో ఒక గుండ్రటి 'దర్శన రంధ్రం' ఏర్పాటు చేయాలి. ఫలకమే సరిగా లేదని తేలింది కనక దానికి సరిపోలలేదన్న మెమోలు వాటంతటవే రద్దయ్యాయి. హైమావతి సంచీ విప్పి, క్యాలెండరు మళ్ళీ మేకుకి తగిలించింది.

వడ్రంగి వచ్చి అప్పడాలన్నిటికీ మధ్యలో రంధ్రం కోసేశాడు. ఇప్పుడు పెదకాల్వపాలెం మునిసిపాలిటీలో ఏ కిటికీ దగ్గరికి వెళ్ళినా పసుపుపచ్చ చట్రంలోంచి ఒక మనిషి ముఖం కనబడుతుంది. చక్కగా పలకరిస్తే నవ్వుతుంది, గద్దిస్తే మాడుతుంది, చిల్లర అడిగితే చిట్లించుకుంటుంది. ఎర్రయ్య చీటీలు ఇవ్వడం మానేశాడు. దత్తాత్రేయులు గారి స్టూలు తిరిగి రెవెన్యూ విభాగానికి చేరింది. కోసేయగా మిగిలిన నవ్వు ముఖాలని మేస్త్రీలు పట్టుకుపోయి, ఊళ్ళో కడుతున్న ఇళ్ళకి దిష్టిబొమ్మలుగా వేలాడదీశారు. వాటిని చూస్తే నిజంగానే గుండె ఝల్లుమంటుందనీ, గుమ్మడికాయ కంటే బాగా పనిచేస్తున్నాయనీ చెప్పుకుంటున్నారు.

పథకానికి రాష్ట్రస్థాయి పురస్కారం కూడా వచ్చింది. పరిశీలనకి వచ్చిన బృందం వాళ్ళు జనన మరణాల కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, వచ్చినవాళ్ళని బట్టి ఆ ఫలకంలో మారుతున్న భావాలు చూసి ముగ్ధులైపోయారు. 'ఇంత సహజమైన ఎమోజీ ఇంతవరకూ మా దృష్టికి రాలేదు' అని రాసి, తయారీదారు పేరూ చిరునామా అడిగారు. అడిగిన కాగితం ఆఫీసంతా తిరిగి తిరిగి హైమావతి బల్ల మీదకి వచ్చింది. ఆవిడ ఆలోచించింది. ఇలాంటి కాగితాలు పూర్తిచేయడమే తన ఉద్యోగం, ఆ గడిలో ఎవరి పేరు రాయాలో తనకి తెలుసు. 'శ్రీమతి అచ్చమాంబ' అని రాసి, ఇంటి చిరునామా వేసి పంపేసింది.

నెల తిరక్కుండా అచ్చమాంబ గారి పేర రిజిస్టర్డు ఉత్తరం వచ్చింది. తమరు తయారుచేసిన ముఖం నమూనా ప్రశంసలు పొందినందున, అదే నాణ్యతతో మరికొన్ని వందల ముఖాలు ఎంత గడువులో సరఫరా చేయగలరో సీల్డు కవరులో తెలియజేయవలసిందిగా కోరడమైనది.

హైమావతి నవ్వాపుకుంటూ ఉత్తరం చదివి వినిపించింది. అచ్చమాంబ గారు మొత్తం శ్రద్ధగా విని, కూతురి ముఖం వైపు కాసేపు చూశారు. ఆవిడ కళ్ళు తడయ్యాయి, ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది.

"ఆ పని మానేసి చాలా కాలమైందని రాయవే" అన్నారు.